ఒడ్డున మోకరించినవారు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటికి సముద్రతీరంతో సంబంధం ఉంది. మూడూ క్రైస్తవ కుటుంబాల నుంచి వచ్చినవే, మూడింటిలోనూ కన్నుమూసిన పెద్దల జ్ఞాపకం ఉంది. అందుచేత మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, ఈసారి స్థలమంతా వీటికే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లను, వారిని గుర్తుపట్టగలిగే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. మా స్వస్థలం విశాఖపట్నం. చిన్నతనంలో ఈస్టరు మరునాడు మా అమ్మ అన్నయ్యనూ నన్నూ భీమునిపట్నం తీసుకువెళ్ళేది. పులిహోర, వేయించిన చేపముక్కలు టిఫిన్ క్యారియర్‌లో సర్దుకుని బస్సెక్కేవాళ్ళం. ఇసుకలో దుప్పటి పరచి, తినే ముందు అమ్మ లూకా సువార్తలో కొంత భాగం చదివి, ఒక కీర్తన పాడించి, మా ఇద్దరి చేత చెరొక మాట ప్రార్థన చేయించేది. ఆమె ప్రభువునందు నిద్రించిన తరువాత, ఇక్కడ హైదరాబాదులో ఆదివారం ఆరాధనలో కూర్చుంటే నా మనసు కదలడం లేదు. భీమిలి ఒడ్డున నిలబడితే మాత్రం ప్రార్థన దానంతటదే వస్తుంది, కన్నీళ్ళు ఆగవు. ఇది భక్తి కాదు, అమ్మ మీద బెంగ అని మావారు అంటారు. ఆయన మాట నిజమేనా? మరొక సంగతి: అమ్మ ఇల్లు పంచుకున్నప్పటి నుంచి అన్నయ్యకూ నాకూ మాటలు లేవు.
(ఒక సోదరి, హైదరాబాదు)

జవాబు: అమ్మా, ఉత్తరం చివర ‘మరొక సంగతి’ అని మీరు రాసినది మొదటి ప్రశ్నకు దూరమైనదిగా నాకు కనిపించలేదు. దాని దగ్గరికి తరువాత వస్తాను.

మీవారు బెంగ అన్నారంటే అందులో తప్పేమీ లేదు. తల్లి పోతే బెంగ ఉంటుంది. అయితే బెంగ ఉన్నచోట భక్తికి చోటుండదన్న భావం లేఖనాలకు సరిపోదు. అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం ఒకసారి తీసి చూడండి. పౌలు ప్రయాణిస్తున్న ఓడ సరుకు దించడానికి తూరు రేవులో ఆగింది. ఆయన అక్కడి శిష్యులతో ఏడు రోజులు గడిపి, తిరిగి బయలుదేరినప్పుడు వారందరూ భార్యలతో, పిల్లలతో సహా పట్టణం వెలుపలి వరకు వచ్చి, సముద్రతీరాన మోకాళ్ళూని ప్రార్థించి, ఒకరి దగ్గర ఒకరు సెలవు తీసుకున్నారు. ఆయన యెరూషలేము వెళితే ఏ కీడు జరుగుతుందోనన్న దిగులు అప్పటికే వారికి ఉంది, వెళ్ళవద్దని చెప్పి చూశారు కూడా. దిగులు, వీడ్కోలు, ప్రార్థన, కుటుంబం, ఇసుక అన్నీ ఆ రెండు మూడు వచనాలలోనే ఉన్నాయి. ఆ గ్రంథం రాసిన లూకా ప్రయాణ వివరాలను ఎంతో పొదుపుగా రాసే మనిషి. అటువంటి రచయిత అక్కడ పిల్లలు కూడా ఉన్నారని చెప్పడం మరచిపోలేదు. నేను తరచుగా ఆ పిల్లల గురించి ఆలోచిస్తాను. వారిలో ఒకరు పెద్దయి, తల్లిదండ్రులు గతించిన తరువాత అదే రేవుకు వచ్చి నిలబడి ఉంటే, తడి ఇసుక మీద అమ్మ పక్కన మోకరించిన సంగతి గుర్తుకు రాకుండా ఉంటుందా? ఆ జ్ఞాపకంలో అమ్మను, ప్రార్థనను విడదీయమంటే ఎవరికి సాధ్యం? మీ విషయంలోనూ అంతే. మీకు దేవునితో మాట్లాడడం నేర్పింది అమ్మ, నేర్పిన చోటు ఆ ఒడ్డు. అక్కడ మాట సులువుగా రావడంలో ఆశ్చర్యపోవలసినది లేదు, సిగ్గుపడవలసినది అంతకంటే లేదు.

ఆ తీరం విషయంలో మీరు తెలుసుకుంటే సంతోషించే సంగతి ఒకటి ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రైస్తవుడైన బ్రాహ్మణ పండితుడు ఆనందరాయర్ వారితో కలిసి సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లోనూ, దె గ్రాంజెస్ 1810లోనూ చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని సెరాంపూరులో అచ్చయి వెలువడేసరికి 1812 వచ్చింది, అంటే ఆ పని చేసినవారిలో ఇద్దరు అచ్చుప్రతిని కళ్ళతో చూడలేదు. మీ అమ్మగారు దుప్పటి మీద కూర్చుని చదివిన లూకా సువార్త మన భాషలో అచ్చుకెక్కే రూపం పొందింది అదే తీరంలో. ఆమెకు ఈ సంగతి తెలిసినా తెలియకపోయినా, ఆమె చేసినది ఆ పనికి కొనసాగింపే.

ఇక సంఘంలో మనసు కదలకపోవడం. దీనిని విశ్వాసం తగ్గడంగా లెక్క వేయకండి. దుఃఖంలో ఉన్న చాలామందికి అలవాటైన చోట్లే మొద్దుబారినట్టు ఉంటాయి. పక్కన కూర్చునే మనిషి లేదు, ఆమె గొంతు కలిసే పాట లేదు. పైగా మీరు ఇప్పుడు వెళ్ళే సంఘంలో పాటలు వేరుగా ఉండవచ్చు. పైన రాగమూ తాళమూ అచ్చువేసి ఉండే పాత కీర్తనల పుస్తకంలోంచి మీ అమ్మగారు పాడించిన పాట అక్కడ ఎన్నడూ వినిపించకపోవచ్చు. అలాగైతే మీ పాస్టరు గారిని అడగండి. అమ్మగారి జ్ఞాపకార్థ దినానికి దగ్గరగా వచ్చే ఆదివారం ఆ ఒక్క కీర్తన పాడించమంటే కాదనే అయ్యగారిని నేను ఇంతవరకు చూడలేదు. ఒడ్డున మీరు ఒంటరిగా పాడుకుంటున్న పాటను పదిమంది గొంతులలో విన్నప్పుడు, ఆ మందిరం మళ్ళీ మీది కావడం మొదలవుతుంది.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి. యోహాను సువార్త 21వ అధ్యాయంలో పేతురు, మరి ఆరుగురు శిష్యులు తమ సొంత ఒడ్డుకే తిరిగి వెళ్ళారు. మనం గలిలయ సముద్రం అంటున్నా అది సుమారు 21 కిలోమీటర్ల పొడవున్న మంచినీటి సరస్సు. పేతురు పుట్టి పెరిగిన ప్రాంతం, వల వేసి బ్రతికిన నీళ్ళు, ప్రభువు మొదట పిలిచిన చోటు అదే. రాత్రంతా వేట సాగించినా ఏమీ పడలేదు. తెల్లవారుతుండగా ప్రభువు ఒడ్డున నిలిచి, బొగ్గుల మంట మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధం చేసి ఉంచి, రండి, భోజనం చేయండి అన్నాడు. సరిగ్గా అటువంటి బొగ్గుల మంట దగ్గరే, ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకుంటూ, పేతురు ఆయనను ఎరుగనన్నాడు. ఒడ్డున మంట చూడగానే అది గుర్తుకు రాకుండా ఉండదు. ప్రభువు ఆ జ్ఞాపకాన్ని దాటవేయలేదు. కడుపు నిండా పెట్టిన తరువాత, నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు, ప్రతిసారీ ఇతరులను చూసుకునే పని ఒకటి అప్పగించాడు. ప్రియమైన చోటికి తిరిగి వెళ్ళినవాడికి ఆదరణతో పాటు, తెగిన బంధాన్ని అతుక్కునే అవకాశమూ అక్కడే దొరికింది.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. భీమిలిలో మీకు కలిగేది భక్తి అవునా కాదా అన్నది కన్నీళ్ళను బట్టి తేలదు, బస్సు దిగి ఇంటికి వచ్చాక మీరేమి చేస్తారన్నదానిని బట్టి తేలుతుంది. ఆ దుప్పటి మీద రెండో ప్రార్థన మీ అన్నయ్యది. ఆయన లేకుండా ఆ జ్ఞాపకం సగమే ఉంటుంది. అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి, ముందు వెళ్ళి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5వ అధ్యాయంలో ఉన్న మాట ఒడ్డున చేసే ప్రార్థనకూ వర్తిస్తుంది. ఇంటి వాటాలో ఎవరిది న్యాయమో నాకు తెలియదు, తేల్చే అర్హతా నాకు లేదు. ఫోను చేసి, ‘ఈ ఈస్టరు మరునాడు భీమిలి వెళదామా అన్నయ్యా, పులిహోర నేను తెస్తాను’ అని మాత్రం అడగండి. ఆ రోజు ఇంటి మాట ఎత్తనని ముందే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఆయన రానంటే బాధపడండి గాని కోపగించుకోకండి, మరుసటి ఏడాది మళ్ళీ అడగండి.

ప్రశ్న: మా తాతగారు సముద్రంలో బాప్తిస్మం పొందారని మా నాయనమ్మ చెబుతూ ఉండేది. నరసాపురం ప్రాంతం అని తెలుసు గాని ఏ సంవత్సరమో, ఏ సంఘమో తెలియదు. మేమిప్పుడు బెంగళూరులో స్థిరపడ్డాము. వేసవి సెలవులలో పిల్లలను పేరుపాలెం ఒడ్డుకు తీసుకువెళ్ళి ఆ సంగతి చెప్పాలని, వీలైతే కుటుంబ చరిత్రగా రాసి ఉంచాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
(ఒక సోదరుడు, బెంగళూరు)

జవాబు: మీ నాయనమ్మగారు చెప్పిన ‘సముద్రంలో’ అన్న మాటే మీకు మొదటి ఆధారం. ఆంగ్లికన్, లూథరన్ సంఘాలలో ఎక్కువగా చిన్నబిడ్డలకు, మందిరంలోనే, నీళ్ళు చిలకరించి లేదా తలపై పోసి బాప్తిస్మం ఇస్తారు. పెద్దయి, సొంతంగా విశ్వాసం ఒప్పుకున్న మనిషిని నీళ్ళలో పూర్తిగా ముంచి లేపే పద్ధతి బాప్టిస్టులది, సహోదర (బ్రదరెన్) సంఘాలది. అందుకే వారి బాప్తిస్మాలు నదులలో, కాలువలలో, చెరువులలో, సముద్రంలో జరిగేవి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన సంఘాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నరసాపురం అన్నారు గనుక గోదావరి డెల్టా మిషను వైపు మొదట చూడండి. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు 1836లో కుటుంబాలతో ఇంగ్లండు నుంచి వచ్చి, నరసాపురం కేంద్రంగా పనిచేశారు. వారిది సహోదర సంఘాల సంప్రదాయం. ఆ సంఘాలు దేనికది స్వతంత్రం కనుక, పుస్తకం ఏదైనా ఉంటే ఆ ఊరి సంఘపు పెద్దల దగ్గరే ఉంటుంది, జిల్లా కేంద్రంలో వెతికితే దొరకదు. పెద్దలకు ముందుగా ఉత్తరం రాసి, తాతగారి పేరు, వారి తండ్రి పేరు, ఇంటిపేరు, సుమారుగా ఏ దశాబ్దమో తెలపండి. బాప్తిస్మంతో పేరు మార్చుకున్నవారు చాలామంది ఉన్నారు కనుక, పాత పేరు తెలిసినవారు బంధువులలో ఎవరైనా మిగిలి ఉన్నారేమో ముందు కనుక్కోండి. పాత పేరు తెలియక, పుస్తకంలో ఎదురుగా ఉన్న తాతగారిని దాటిపోయిన మనవలను నేను చూశాను.

అక్కడ దొరకకపోతే తీరం వెంట మిగిలిన మిషన్లు ఉన్నాయి. కాకినాడ నుంచి ఉత్తరానికి కెనడా బాప్టిస్టులు 1874 నుంచి పనిచేశారు. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో అడుగుపెట్టారు. మచిలీపట్నంలో 1841 నుంచి ఉన్న చర్చి మిషనరీ సొసైటీ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిశాయి. పని కోసం వలస తిరిగిన కుటుంబం ఒక మిషను ఊళ్ళో నమ్ముకుని మరొక మిషను ఊళ్ళో స్థిరపడడం మామూలే. మీ నాయనమ్మగారి పుట్టిల్లు ఏ సంఘమో కూడా చూడండి, పెళ్ళి రిజిస్టరులో తాతగారి వివరాలు బయటపడవచ్చు. తీరప్రాంతపు రిజిస్టర్లకు ఉప్పుగాలే పెద్ద శత్రువు. గుండుసూదులు తుప్పు పట్టి, వాటి చుట్టూ కాగితం గోధుమరంగుకు మారి, ముట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. పుట మీరు తిప్పవద్దు, పుస్తకం కాపాడుతున్నవారినే తిప్పమనండి. ఫోను కెమెరాతో తీసిన బొమ్మ ఒకటి మీకూ, ఒకటి వారికీ ఉంచండి.

అన్నిటికంటే ముందు ఇంట్లో వెతకండి. మన పెద్దలు ఇంటి పెద్ద బైబిలు మొదట్లో గాని, పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ మధ్య ఉండే ఖాళీ కాగితం మీద గాని, పుట్టుకలు, పెళ్ళిళ్ళు, మరణాలు రాసేవారు. బాప్తిస్మం తేదీ కూడా ఒక్కొక్కసారి అక్కడే ఉంటుంది. ఆ బైబిలు ఏ పెద్దనాన్నగారింటి పెట్టెలోనో చుట్టిపెట్టి ఉండవచ్చు. తరువాత సమాధి రాయి. అక్షరాలు అరిగిపోతే పొద్దున గాని సాయంత్రం గాని, ఎండ ఏటవాలుగా పడే వేళ చూడండి. మిట్టమధ్యాహ్నం కనపడని గీతలు అప్పుడు నీడలతో తేలుతాయి. సుద్ద రుద్దడం, గీకడం చేయకండి.

కాగితాలలో దొరకనిది ముసలివారి దగ్గర దొరుకుతుంది. తేదీ అడిగితే వారు తడబడతారు, కనుక చూసినవి అడగండి. ఆ రోజు ఒడ్డున ఎవరెవరు నిలబడ్డారు, ఎవరు రామన్నారు, నీళ్ళలోంచి లేచినప్పుడు ఏ పాట పాడారు, పొడి పంచె ఎవరు అందించారు, ఆ రాత్రి భోజనం ఎవరింట్లో జరిగింది. ఆ కాలంలో బాప్తిస్మం అంటే తరచు బంధువులలో కొందరు దూరమయ్యే రోజు. ఆ బాధ ఏ వైపున ఉన్నా దాచకుండా, ఎవరినీ నిందించకుండా రాయండి. మీ పుస్తకంలో తెలిసినది తెలిసినట్టు, విన్నది విన్నట్టు ఉండాలి. కుటుంబ సాక్ష్యం చెప్పేటప్పుడు కెరటాలు కొంచెం పెద్దవవడం, అద్భుతాలు ఒకటి రెండు చేరడం మన అలవాటు. తాతగారు మామూలు రోజున, మామూలు నీళ్ళలో, తన ఇష్టంతో దిగారంటే అదే చాలినంత పెద్ద సంగతి.

పిల్లలకు చెప్పే పద్ధతి యెహోషువ 4వ అధ్యాయంలో ఉంది. యొర్దాను నదిలోంచి పన్నెండు రాళ్ళు తెచ్చి నిలబెట్టి, రేపు మీ పిల్లలు ఈ రాళ్ళెందుకని అడిగినప్పుడు జరిగినది చెప్పండి అన్నారు. పిల్లలు అడిగేలా చేయడం మొదటి పని, చెప్పడం తరువాతి పని. పేరుపాలెం ఒడ్డున దిగగానే ఉపన్యాసం మొదలుపెట్టకండి. పిల్లలను నీళ్ళలో ఆడనివ్వండి, మీరు ఒడ్డుకు దగ్గరలోనే ఉండి కనిపెట్టుకోండి. అలసి వచ్చి కూర్చున్నాక తాతగారి ఫొటో చేతికివ్వండి. ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.

ప్రశ్న: 1977 ఉప్పెనలో మా అమ్మ తన తల్లిదండ్రులను, ఇద్దరు తమ్ముళ్ళను పోగొట్టుకుంది. తమ్ముళ్ళు కనీసం శవాలుగా కూడా దొరకలేదు. ఆమె ప్రతిరోజూ కుటుంబ ప్రార్థన మానదు, కాని సముద్రం చూడదు. మా సంఘం ఈస్టరు తెల్లవారుజామున ఒడ్డున ఆరాధన జరుపుతుంది. అమ్మ ఏనాడూ రాలేదు. విశ్వాసం ఉంటే భయమెందుకని కొందరు ఆమె ముఖం మీదే అంటున్నారు. పునరుత్థానాన్ని నమ్మేవారు అలా దూరంగా ఉండవచ్చునా? ఆమెను ఎలా ఒప్పించాలి?
(ఒక సోదరుడు, కృష్ణా జిల్లా)

జవాబు: ఒప్పించవద్దు. ఆమె విశ్వాసానికి సముద్రపు ఒడ్డు పరీక్ష కాదు. ఆమెను అలా అన్నవారికి ఈ జవాబు చదివి వినిపించండి.

1977 నవంబరు 19న దివిసీమ మీద పడినది ఏమిటో చూడనివారికి చెప్పినా అర్థం కావడం కష్టం. సముద్రం తాటిచెట్ల మధ్య నుంచి గోడలా లేచి ఊళ్ళ మీదికి వచ్చింది. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి గ్రామాలలో కుటుంబాలకు కుటుంబాలే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేల మందికి పైబడి ఉన్నారు, ఎవరు ఎవరో గుర్తుపట్టలేక సామూహికంగా దహనం చేసినవారు, పూడ్చిపెట్టినవారు ఎందరో. తెలుగు క్రైస్తవులకు సమాధి చాలా ముఖ్యం. సమాధుల పండుగ నాడు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, పక్కన కాసేపు కూర్చుంటాము. మీ అమ్మగారికి తమ్ముళ్ళ కోసం అలా కూర్చునే చోటు ఒకటి కూడా లేదు. నలుగురు వెళ్ళి హాయిగా పాటలు పాడుకునే ఆ నీళ్ళే ఆమెకు వారి సమాధి. ఆ తేడా గమనించకుండా మాట్లాడడం క్రూరత్వం.

తుపానులో శిష్యులను ప్రభువు ‘ఎందుకు భయపడుతున్నారు’ అని అడిగిన మాటను ఇటువంటి సందర్భాలలో ఎత్తిచూపుతారు. మార్కు సువార్త 4వ అధ్యాయంలో ఆ మాటలు ఏ క్రమంలో ఉన్నాయో చూడమనండి. ఆయన ముందు లేచి గాలిని గద్దించి, సముద్రాన్ని నిమ్మళింపజేసి, ఆ తరువాత ప్రశ్న అడిగాడు. మీ అమ్మగారి పదేళ్ళ ప్రాయంలోనో ఇరవయ్యేళ్ళ ప్రాయంలోనో ఆ గాలి ఆగలేదు. అలలన్నీ తన మీదుగా పొర్లిపోయాయని 42వ కీర్తన రాసినవాడు మొరపెట్టుకున్నాడు, నీళ్ళు ప్రాణం మీదికి వచ్చాయని 69వ కీర్తన మొదలవుతుంది. అవి రెండూ ఆరాధనలో చదువుకునే లేఖనాలే, వాటిని విశ్వాసం లేని మాటలని ఎవరూ అనలేదు.

ప్రకటన గ్రంథం రాసిన యోహాను పత్మాసు ద్వీపంలో, నాలుగు వైపులా సముద్రం చూస్తూ ఉన్నాడు. ఆయన కొత్త ఆకాశాన్ని, కొత్త భూమిని చూసినప్పుడు, సముద్రము ఇకను లేదు అని రాశాడు. ఒడ్డున సంతోషంగా పెరిగినవారికి ఆ మాట కొంచెం నిరాశగా ఉంటుంది, నాకూ చాలాకాలం అలాగే ఉండేది. మీ అమ్మగారి వంటివారికి అది ఎంత పెద్ద వాగ్దానమో మీ ఉత్తరం చదివాక మరింత తెలిసింది. దానికి కొద్దిగా ముందు, 20వ అధ్యాయం 13వ వచనంలో, సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెనని ఉంది. సమాధి దొరకని ఇద్దరు తమ్ముళ్ళ అక్కకు పునరుత్థానం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే వచనం నాకు తెలియదు. అది తీర్పు సందర్భంలోని మాటేనని నాకు తెలుసు. అయినా సముద్రం ఎవరినీ శాశ్వతంగా దాచుకోలేదన్న సంగతి అందులో ఉంది. ఆ రెండు వచనాలూ మీరే కుటుంబ ప్రార్థనలో నెమ్మదిగా చదివి వినిపించండి, వివరించకండి.

నవంబరు 19 ఏటా వస్తుంది. ఆ సాయంత్రం ఇంట్లోనే చిన్న కూడిక పెట్టి, ఆ నలుగురి పేర్లూ పలికి ప్రార్థించండి. తమ్ముళ్ళు ఎలా ఉండేవారో, ఏమి అల్లరి చేసేవారో ఆమె చెప్పదలచుకుంటే మీ పిల్లలు విననివ్వండి, చెప్పకపోతే బలవంతం వద్దు. పెద్ద బైబిలులో వారి పేర్లు, ఆ తేదీ రాసి ఉంచండి. ఈస్టరు ఉదయం మీరందరూ ఒడ్డుకు వెళ్ళేటప్పుడు ఆమెను ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవారు ఏడాదికొకరు చొప్పున వంతు వేసుకుని దగ్గర ఉండండి. అక్కడ చదివే పాఠం ఏదో ముందు రోజే పాస్టరు గారిని అడిగి తెలుసుకుని, అదే వేళకు ఇంట్లో కూడా అదే చదవండి.